తిరిగే చెయ్యి, తిప్పే చెయ్యి: మెదడు యంత్రాలు, మన సాధన

ఏకాగ్రత మీద చేసిన మన వీడియో కింద ఒకరు ఇలా అడిగారు: "తలకి ఒక బ్యాండ్ పెట్టుకుంటే మనసు ఎంత నిలకడగా ఉందో ఫోన్‌లో చూపిస్తోంది. రేపు ఇంకో యంత్రం ఆ నిలకడని నేరుగా తెచ్చిపెట్టేస్తుంది. అప్పుడిక జపం, ధ్యానం ఎందుకు?" ఇది వెటకారంగా అడిగింది కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగిందే. వీడియోలో రెండు నిమిషాల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నేను పండితుణ్ణి కాదు, డాక్టర్నీ కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. కానీ ఈ ప్రశ్న మా ఇంట్లోకి ఒకసారి వచ్చింది. అక్కణ్ణించే మొదలుపెడతాను.

తాతయ్య చెయ్యి

మా తాతయ్యది రాజమండ్రి. రిటైరైన లెక్కల మాస్టారు. అరవై దాటాక ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు డాక్టర్లు. మన పెద్దవాళ్ళు కంపవాతం అనే జబ్బు అదే. ఇందులో వణుకు తరచుగా ఒక ప్రత్యేకమైన తీరులో ఉంటుంది. చెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకున్నప్పుడు బొటనవేలు, చూపుడువేలు ఒకదానిమీద ఒకటి దొర్లుతూ ఉంటాయి, మందు ఉండ చుడుతున్నట్టు. దూరంనుంచి చూస్తే అచ్చం జపమాల తిప్పుతున్నట్టే ఉంటుంది. ఇంటికి వచ్చినవాళ్ళు "మాస్టారు ఎప్పుడూ జపంలోనే ఉంటారండీ, ఎంత పుణ్యాత్ములో" అని దణ్ణం పెట్టి వెళ్ళేవాళ్ళు.

ఒకరోజు వాళ్ళు వెళ్ళాక తాతయ్య నాతో అన్నారు: "ఒరేయ్, ఈ చెయ్యి దానంతట అది తిరుగుతోంది. నేను తిప్పట్లేదు. దీన్ని జపం అనకూడదు."

నిజంగా మాల పట్టుకుంటే మాత్రం పూస కదిలేది కాదు. ఈ జబ్బులో వణుకొక్కటే కాదు, కదలికలు నెమ్మదిస్తాయి, కండరాలు బిగుసుకుపోతాయి. దశాబ్దాలుగా రోజూ నూట ఎనిమిది పూసలు తిప్పిన మనిషి పది పూసల దగ్గర ఆగిపోయేవారు. ఊరికే ఉన్నప్పుడు తిరిగే చెయ్యి, తిప్పుదామంటే తిరగదు. ఆ బాధ ఆయన ఎవరికీ చెప్పేవారు కాదు.

మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గిపోవడం వల్ల ఈ జబ్బు వస్తుంది. లెవోడోపా మాత్రలు కొన్నేళ్ళు బాగానే పనిచేశాయి. తర్వాత మాత్ర పనిచేసే గంటలు తగ్గుతూ వచ్చాయి. అప్పుడు డాక్టర్ డీబీఎస్ గురించి చెప్పారు, అంటే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్. పుర్రెకి చిన్న రంధ్రం చేసి, మెదడు లోతుల్లో ఒక చిన్న కేంద్రం దగ్గరికి సన్నని తీగ పంపుతారు. ఆ తీగ చర్మం కిందనుంచి మెడ మీదుగా వచ్చి, కాలర్‌బోన్ కింద పెట్టిన ఒక చిన్న బ్యాటరీ పరికరానికి కలుస్తుంది. అది సెకనుకి సుమారు 130 సార్లు చిన్న చిన్న విద్యుత్ స్పందనలు పంపుతూ ఉంటుంది. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలీమ్ లూయీ బెనాబిద్ అనే సర్జన్ బృందం ఈ పద్ధతికి దారి వేసింది. అమెరికాలో 1997లో వణుకుకి, 2002లో పార్కిన్సన్స్‌కి అనుమతి వచ్చింది. మన హైదరాబాద్‌లో కూడా ఈ ఆపరేషన్ చేస్తున్నారు. ఇది జబ్బుని నయం చెయ్యదు. లోపల జబ్బు సాగుతూనే ఉంటుంది. లక్షణాలు మాత్రం తగ్గుతాయి.

ఇంట్లో పెద్ద గొడవే అయింది. పెద్దనాన్నకి ఇష్టం లేదు. "దేవుడిచ్చిన బుర్రలో కరెంటు తీగలా? ఇది ప్రారబ్ధం, అనుభవించాలి" అన్నారు. అమ్మ మాత్రం "పన్ను పీకించుకున్నప్పుడు ప్రారబ్ధం గుర్తురాలేదా బావగారూ?" అంది. చివరికి తాతయ్యే తేల్చారు: "నా బుర్ర, నా ప్రారబ్ధం. నన్ను అడగండి. నేను చేయించుకుంటాను."

ఆపరేషన్ మధ్యలో ఆయన మెలకువగానే ఉన్నారు. తీగ సరైన చోట ఉందో లేదో చూడటానికి చెయ్యి ముడిచి తెరవమంటారు, మాట్లాడిస్తారు. ఏదైనా మాట్లాడండి అంటే తాతయ్య విష్ణు సహస్రనామం అందుకున్నారట. కొన్ని వారాల తర్వాత పరికరం ఆన్ చేసి, సెట్టింగులు మార్చుకుంటూ వచ్చారు. ఒళ్ళో ఉన్న చెయ్యి ఆగింది. ఆ సాయంత్రం గదిలో మాల తీసుకుని ఒక్కో పూస దాటించారు. నూట ఎనిమిదీ పూర్తయ్యేసరికి గంట పైనే పట్టింది. మేమెవ్వరం లోపలికి వెళ్ళలేదు.

తర్వాత పెద్దనాన్న నవ్వుతూనే అడిగారు, "ఇప్పుడు జపం చేసేది నువ్వా, మిషనా నాన్నా?" అని. తాతయ్య అన్నారు: "కళ్ళజోడు పెట్టుకుని భాగవతం చదివితే, చదివింది కళ్ళజోడా?"

అంత తేలికా?

ఆ జవాబు నాకు చాలాకాలం సరిపోయింది. తర్వాత ఈ విషయం గురించి చదువుతుంటే అంత తేలిక కాదని తెలిసింది. కళ్ళజోడు కంటి ముందు ఉంటుంది. ఈ తీగ ఉండేది మెదడు లోపల. అక్కడ కదలికకీ, భావాలకీ సంబంధించిన దారులు పక్కపక్కనే ఉంటాయి.

2004లో నెదర్లాండ్స్ డాక్టర్లు ఒక కేసు ప్రచురించారు. 62 ఏళ్ళ పార్కిన్సన్స్ రోగి. డీబీఎస్ తర్వాత శరీరం బాగా కదులుతోంది. కానీ మనిషిలో తీవ్రమైన ఉన్మాద స్థితి వచ్చింది. డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెట్టడం, తనమీద తనకి అదుపు లేకపోవడం. మందులకి తగ్గలేదు. పరికరం ఆపేస్తే మనసు కుదుటపడుతుంది, శరీరం మాత్రం మంచానికి అతుక్కుపోతుంది. రెండింట్లో ఒకటే దక్కుతుంది. ఏది కావాలి? ఎవరిని అడగాలి?

డాక్టర్లు పరికరం ఆపారు. మనసు స్పష్టంగా ఉన్న ఆ స్థితిలో ఆయన్నే అడిగారు. ఆయన బాగా ఆలోచించి, పరికరం ఆన్‌లోనే ఉంచమన్నారు. దానికోసం మానసిక చికిత్సాలయంలో ఉండటానికి కూడా ఒప్పుకున్నారు.

ఆ నిర్ణయం సరైందా కాదా అని నేను చెప్పలేను. మీలో కొందరికి తప్పనిపించవచ్చు. కానీ డాక్టర్లు చేసిన పని చూడండి. యంత్రం నడిపిస్తున్న ఉత్సాహాన్ని వాళ్ళు ఆయన సమ్మతి అనుకోలేదు. దాన్ని ఆపి, లోపలున్న మనిషిని పిలిచి అడిగారు. తాతయ్య మాటల్లో చెప్పాలంటే, తిరిగే చేతికీ తిప్పే చేతికీ తేడా వాళ్ళు గుర్తించారు.

రథం, పగ్గాలు

కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెప్పిన రథం పోలిక మీలో చాలామందికి తెలుసు. శరీరం రథం. ఇంద్రియాలు గుర్రాలు. మనసు పగ్గం. బుద్ధి సారథి. లోపల కూర్చున్న యజమాని ఆత్మ. మరి ఈ పోలికలో మెదడు ఎక్కడుంది? నాకు అర్థమైనంతవరకూ మెదడు కూడా రథంలో భాగమే. చాలా సున్నితమైన భాగం, పగ్గాలు కట్టి ఉన్న భాగం, కానీ రథమే. రథం విరిగితే బాగుచేయించుకోవడం అధర్మం కాదు. ఇరుసు అరిగిపోయిన రథంలో కూర్చుని "ఇదే నా సాధన" అనుకోవడంలో గొప్పేమీ లేదు.

ఈ మాట ఎందుకు గట్టిగా అంటున్నానంటే, మన భక్తుల ఇళ్ళల్లోనే కొన్నిసార్లు డిప్రెషన్‌తో బాధపడేవాళ్ళకి "జపం చేసుకో, అదే పోతుంది" అని చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్ళనివ్వరు. జపం గొప్పదే. కానీ పగ్గం పట్టుకోలేని స్థితిలో ఉన్నవాడికి "గట్టిగా పట్టుకో" అని చెప్పడం సాయం కాదు. ముందు చేతికి బలం రావాలి. అది మందుతో వచ్చినా, యంత్రంతో వచ్చినా దేవుడి దయే అనుకోవచ్చు.

కాబట్టి మొదటి సగం జవాబు ఇది: పోయిన పగ్గాలని మనిషి చేతికి తిరిగి ఇచ్చే యంత్రం మంచిది. అమెరికాలో ఒక మహిళ స్ట్రోక్ వల్ల చేతులు, కాళ్ళు, మాట పోయి సుమారు 15 ఏళ్ళు ఉంది. 2012లో ప్రచురితమైన బ్రెయిన్‌గేట్ పరిశోధనలో, ఆమె తన ఆలోచనతో ఒక రోబో చేతిని నడిపి, సీసా నోటిదాకా తెచ్చుకుని కాఫీ తాగింది. ఎవరో తాగిస్తే తాగడం కాదు, తనే తాగడం. ఆ ఒక్క గుక్కలో ఉన్న ఆనందం జపమాల ముందు కూర్చున్న తాతయ్యని చూసినవాడిగా నాకు కొంచెం అర్థమవుతుంది.

రెండో సగం ఉంది. అక్కడే మన కామెంట్ ప్రశ్నకి జవాబు ఉంది.

పగ్గాలు ఇంకొకరి చేతికి వెళ్తే

2019లో చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలకి తల బ్యాండ్లు పెట్టారు. మెదడు తరంగాలని కొలిచి, పిల్లవాడు శ్రద్ధగా ఉంటే నుదుటి మీద ఒక రంగు లైటు, ధ్యాస తప్పితే ఇంకో రంగు లైటు. టీచర్ స్క్రీన్ మీద మార్కుల్లా కనిపిస్తుంది. తల్లిదండ్రులకి కూడా వెళ్తుంది. ఆ వీడియోలు బయటికొచ్చాక అక్కడి జనమే మండిపడ్డారు, అధికారులు వాటి వాడకం ఆపించారు.

తప్పు ఎక్కడుంది? ఆ పిల్లలకి శ్రద్ధ పెరిగిందనే అనుకుందాం. అయినా నాకు తప్పుగానే అనిపిస్తుంది. ధ్యాస తప్పడం, తప్పిందని తనకే తెలియడం, మళ్ళీ వెనక్కి తెచ్చుకోవడం, ఈ మూడూ కలిస్తేనే అభ్యాసం. గీతలో అర్జునుడు మనసుని పట్టడం గాలిని పట్టినంత కష్టం అంటే, కృష్ణుడు కాదనలేదు. అభ్యాసం, వైరాగ్యం అనే రెండు దారులు చూపించాడు. ఆ బ్యాండ్ మధ్యలో ఉన్న పనిని లాగేసుకుంది. ధ్యాస తప్పిన సంగతి పిల్లవాడి కంటే ముందు టీచర్‌కి తెలుస్తోంది. పిల్లవాడు నేర్చుకునేది శ్రద్ధ కాదు, లైటుకి భయపడటం.

ఇది పిల్లల సంగతే కాదు, నాకూ జరిగింది. ఆమధ్య నేను ధ్యానానికి ఒక బ్యాండ్ కొన్నాను. మెదడు తరంగాలని కొలిచే ఈ పద్ధతి పాతదే. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి మెదడు తరంగాలని నమోదు చేశాడు. నుదుటి మీద పెట్టే బ్యాండ్ పట్టుకునే సంకేతం వోల్టులో లక్షల వంతుల్లో ఉంటుంది. కనురెప్ప కొట్టినా, దవడ బిగించినా అందులో కలిసిపోతుంది. దాన్ని వడగట్టి, ఒక ప్రోగ్రామ్ వేసిన అంచనానే మనకి స్కోరుగా కనిపిస్తుంది. ఇలాంటి ప్రోగ్రాములు రాసేవాడిగా నాకిది తెలుసు. అయినా ఆ స్కోరు మాయలో పడ్డాను.

మొదటి వారం బాగుంది. మనసు తిరుగుతోందని గుర్తుచేసేది. మూడో వారానికి కళ్ళు కదపకుండా, దవడ వదిలేసి కూర్చుంటే స్కోరు పెరుగుతుందని కనిపెట్టేశాను. ఒకరోజు ఇరవై నిమిషాలూ ఆఫీసులో తేలని ఒక బగ్ గురించే ఆలోచించాను. బ్యాండ్ మాత్రం "ప్రశాంతం" అని మెచ్చుకుంది. నాకు సిగ్గేసింది. నాకంటే ఎక్కువగా నా యాప్ తృప్తిపడింది. మేం ఆఫీసుల్లో తరచూ చెప్పుకునే గుడ్‌హార్ట్ సూత్రం ఇదే: కొలత లక్ష్యంగా మారగానే అది మంచి కొలతగా పనికిరాకుండా పోతుంది. పూజగదిలో కూడా అదే జరిగింది.

అంటే కొలవడమే తప్పా? కాదు. 1961లో ఢిల్లీ ఎయిమ్స్‌లో బి.కె. ఆనంద్, జి.ఎస్. ఛీనా, బల్దేవ్ సింగ్ కలిసి యోగుల మెదడు తరంగాల మీద చేసిన పరిశోధన ప్రచురించారు. సమాధిలో ఉన్నప్పుడు వెలుగు, శబ్దం లాంటివి వాళ్ళ ఆల్ఫా తరంగాలని చెదరగొట్టలేకపోయాయి. ఇద్దరు యోగులు 4 డిగ్రీల చల్లని నీళ్ళలో 45 నుంచి 55 నిమిషాలు చెయ్యి ఉంచినా ఆ తరంగాలు నిలిచే ఉన్నాయి. ఇది మనం గర్వపడాల్సిన పరిశోధన. కానీ ఆ యోగులు ఆల్ఫా తరంగాల కోసం కూర్చోలేదు. వాళ్ళు వేరే దేనికోసమో కూర్చున్నారు. తరంగం ఆ దారిలో పడిన అడుగుజాడ. అడుగుజాడలు గీసుకుంటే తిరుమల చేరం కదా.

ఇంకో మాట. సాక్షిగా చూడటం అని మన వేదాంతం చెప్పేది, మనసుని లోపలనుంచి చూడటం. యంత్రం చూసేది బయటినుంచి. ఆ బయటి చూపు ఎవరి దగ్గరికి వెళ్తోందో కూడా చూసుకోవాలి. చిలీ దేశం 2021లో మెదడు సమాచారాన్ని కాపాడేలా రాజ్యాంగాన్ని సవరించింది. 2023లో అక్కడి సుప్రీం కోర్టు, ఎమోటివ్ అనే కంపెనీ బ్యాండ్ వాడిన ఒక మాజీ సెనేటర్ కేసులో, ఆయన మెదడు సమాచారం తొలగించమని ఆదేశించింది. మనం యాప్ పెట్టగానే షరతులన్నీ చదవకుండా ఒప్పుకునేస్తాం. జపం చేసేటప్పుడు మాలని గుడ్డ సంచిలో దాచుకుని తిప్పమని పెద్దలు ఎందుకన్నారో ఇప్పుడు కొత్తగా అర్థమవుతోంది.

తయారుచేసేవాళ్ళ ధర్మం

మన చదువరుల్లో నాలాంటి ఇంజనీర్లు చాలామంది ఉన్నారు. ఇది మనకి. అమెరికాలో సెకండ్ సైట్ అనే కంపెనీ ఆర్గస్ 2 అనే కృత్రిమ చూపు పరికరం తయారుచేసింది. 2013లో అక్కడ అనుమతి వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా 350 మందికి పైగా కంట్లో పెట్టించుకున్నారు. తర్వాత కంపెనీ ఆ పరికరం ఆపేసింది, 2020లో దివాలా అంచుకి వెళ్ళింది. పరికరం పాడైతే బాగుచేసే దిక్కు లేక ఆ మనుషులు మిగిలిపోయారు. మనం పాత వెర్షన్‌కి సపోర్ట్ ఆపేశాం అని ఒక్క మెయిల్ పంపి ఊరుకుంటాం. అదే మాట మనిషి శరీరం లోపలున్న వస్తువు గురించి అంటే దాని అర్థం వేరు. ఒకరి చేతికి పగ్గాలు ఇచ్చి, మధ్యదారిలో లాక్కోవడం అది. శరణన్నవాణ్ణి విడిచిపెట్టకూడదని మన ధర్మం చెప్పేది రాజులకే కాదు, ప్రోడక్ట్ టీములకి కూడా వర్తిస్తుంది.

అయితే ఏం చేద్దాం?

రేపు ఇలాంటి యంత్రం ఏది మీ ముందుకొచ్చినా మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: ఇది నా చేతికి పగ్గాలు ఇస్తోందా, నా చేతిలోంచి తీసుకుంటోందా?

రెండు: దీన్ని ఆపమంటే ఆపేస్తారా? ఆపే హక్కు ఎవరిది?

మూడు: నా మనసు గురించి నాకంటే ముందు ఎవరికి తెలుస్తోంది?

వైద్యం విషయంలో మూడూ సరిగ్గా ఉంటే భయపడకుండా వెళ్ళండి. పెద్దవాళ్ళని కూడా తీసుకెళ్ళండి. ధ్యానం బ్యాండ్ ఉంటే పారెయ్యక్కర్లేదు. నడక నేర్చుకునే పిల్లలకి మూడు చక్రాల బండిలా కొన్నాళ్ళు వాడి వదిలెయ్యండి. నేను నాది మానేశాను. ఇప్పుడు నా జపం ముందుకంటే ఎక్కువసార్లు చెదురుతుంది. కానీ చెదిరిందని నాకే తెలుస్తోంది. వెనక్కి తెచ్చుకునేదీ నేనే.

ఇక యంత్రమే నేరుగా ప్రశాంతత తెచ్చిపెడితే? అది వస్తే వచ్చింది. బాధలో ఉన్నవాళ్ళకి అది వరమే అవుతుంది. కానీ సాధనలో మనం కోరేది ప్రశాంతత అనే ఫలితం ఒక్కటే కాదు. ఇష్టపడి ఆయన వైపు తిరగడం. ఆ తిరగడం మన తరఫున ఇంకెవరూ చెయ్యలేరు. కురుక్షేత్రంలో పగ్గాలు పట్టుకున్నవాడు సాక్షాత్తూ భగవంతుడు. అర్జునుడి మనసుని ఒక్క క్షణంలో మార్చేయగలడు. అయినా పద్దెనిమిది అధ్యాయాలు ఓపిగ్గా చెప్పి, చివరికి బాగా ఆలోచించుకుని నీ ఇష్టప్రకారం చెయ్యమని నిర్ణయం అర్జునుడికే వదిలేశాడు. ఆయనే తీసుకోని స్వేచ్ఛని మనం ఒక బ్యాండ్‌కి ఇచ్చేయడం ఎందుకు?

తాతయ్య ఇప్పుడు కొంచెం తగ్గారు. జబ్బు దాని పని అది చేసుకుపోతోంది. నూట ఎనిమిది పూసలు రోజూ కుదరట్లేదు, యాభై నాలుగు చేస్తున్నారు. మొన్న ఫోన్లో "సగమే అవుతోంది తాతయ్యా అని బాధగా ఉందా?" అని అడిగాను. "తిప్పినవన్నీ నేనే తిప్పానురా, చాలు" అన్నారు.

మీ ఇంట్లో ఇలాంటి అనుభవం ఉంటే కామెంట్లలో రాయండి. అందరికీ పనికొస్తుంది. వచ్చే వీడియోలో నచికేతుడి కథ పూర్తిగా చెప్పుకుందాం.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.